దూర ప్రయాణంలో వాతం, మొహమాటం

మన ఇళ్లలో ఇప్పుడు సముద్రాలు దాటే ప్రయాణాలు అరుదైనవి కావు. కొడుకు గృహప్రవేశమని, కూతురి పురుడని, మనుమడి ఉపనయనమని అరవై దాటిన తల్లిదండ్రులు బంధుమిత్రులతో కలసి అమెరికాకో, ఆస్ట్రేలియాకో బయలుదేరుతున్నారు. ఆవకాయ జాడీకి ఎన్ని పొరల ప్లాస్టిక్ చుట్టాలో వారం రోజులు ఆలోచిస్తారు గాని, పదహారు గంటలు కదలకుండా కూర్చొనబోయే శరీరాన్ని గురించి ఆలోచించేవారు తక్కువ. నలభై ఏళ్లుగా ఆయుర్వేద వైద్యం చేస్తున్న నేను కూడా అందుకు మినహాయింపు కాలేదు. ఆ అనుభవాన్ని దాచకుండా చెప్పి, దాని నుండి నేర్చుకొన్న పాఠాన్ని మీ ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2023 మే నెలలో మా అన్నయ్య కుమారుడు డల్లాస్ సమీపంలో ఇల్లు కొనుక్కొని, గృహప్రవేశానికి మమ్మల్ని రమ్మన్నాడు. అన్నయ్య, వదినగారు, నేను, నా భార్య, నా బాల్యమిత్రుడైన ఒక విశ్రాంత డాక్టరు, ఆయన శ్రీమతి, మొత్తం ఆరుగురం బయలుదేరాము. శంషాబాదు నుండి దోహా వరకు నాలుగు గంటలకు పైగా, అక్కడ విమానం మారి డల్లాస్ వరకు సుమారు పదహారు గంటలు ప్రయాణం. 'వైద్యుడు, డాక్టరు ఇద్దరూ వెంట ఉన్నారు, మాకేం భయం?' అని వదినగారు అందరితోనూ అన్నారు.

ప్రయాణం ఎందుకు వాతాన్ని పెంచుతుంది?

రూక్షం, లఘువు, శీతం, ఖరం, సూక్ష్మం, చలం అని వాతానికి గుణాలు చెప్పారు. అనగా పొడిగా, తేలికగా, చల్లగా, గరుకుగా, సూక్ష్మంగా, చలించేదిగా ఉండేది వాతం. సమాన గుణాలు గల పదార్థం, సమాన గుణాలు గల కర్మ దోషాన్ని వృద్ధి చేస్తాయన్నది ఆయుర్వేదంలో మూలసూత్రం. ఇప్పుడు విమానం లోపలి స్థితిని గమనించండి. అక్కడి గాలిలో తేమ సాధారణంగా 20 శాతం కంటె తక్కువ. చల్లదనం సరేసరి. లోపలి వాయుపీడనం సముద్రమట్టానికి 6,000 నుండి 8,000 అడుగుల ఎత్తులో ఉండే పీడనంతో సమానం. అంటే కదలకుండా ఊటీ కొండ మీద కూర్చున్నట్లే. పీడనం తగ్గినప్పుడు కడుపులోని వాయువు వ్యాకోచిస్తుంది. కనుకనే విమానంలో పొట్ట ఉబ్బరించి, నడుము బిగిసినట్లు తోస్తుంది. దీనికి తోడు నిద్రాభంగం, వేళతప్పిన భోజనం, మలమూత్రాలను ఆపుకొనడం. వీటిలో ప్రతి ఒక్కటీ వాతప్రకోప కారణమే.

చరక సంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయానికి 'నవేగాన్ ధారణీయం' అని పేరు. మూత్రం, మలం, అపానవాయువు, తుమ్ము, ఆవులింత, ఆకలి, దప్పిక, నిద్ర మొదలైన పదమూడు వేగాలను ఆపుకొనరాదని, ఆపుకొంటే రోగాలు కలుగుతాయని అందులో వివరించారు. విద్యార్థి దశలో ఈ అధ్యాయాన్ని నేను కంఠస్థం చేశాను. అయినా విమానంలో దాని అర్థం నాకు గుర్తుకు రాలేదని మీరు ముందుముందు తెలుసుకొంటారు.

బయలుదేరక ముందు వారం రోజులు

ప్రయాణానికి ఐదారు రోజుల ముందు నుండి ఆహారాన్ని తేలిక చేయవలెను. శనగపిండి వంటలు, రాజ్మా, క్యాబేజీ, చేమదుంప, నిలవ ఉన్న పిండివంటలు తగ్గించి, పెసరకట్టు, బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, జీలకర్ర వేసిన మజ్జిగ వాడుకొనవలెను. వీడ్కోలు విందుల పేరుతో బయలుదేరే రాత్రి కడుపు నింపుకొనడం మన అలవాటు. ఆ విందు రెండు రోజుల ముందే ముగిస్తే మంచిది.

మలబద్ధకం ఉన్నవారు రాత్రి గోరువెచ్చని నీటితో అర చెంచా త్రిఫల చూర్ణం పుచ్చుకొనవచ్చు. కాని ఒక నియమం మరువరాదు. ఇంటివద్ద పది రోజులైనా వాడి, పడుతుందని తెలిసిన మందునే ప్రయాణంలో వాడవలెను. కొత్త చూర్ణాన్ని విమానం ఎక్కే రోజున ప్రారంభించడం ఎంతమాత్రం తగదు.

ముందురోజు నువ్వులనూనెను గోరువెచ్చగా కాచి, ఆరోగ్యవంతులు ఒళ్లంతా పట్టించి వేడినీటి స్నానం చేయవచ్చు. అజీర్ణంగా ఉన్నప్పుడు అభ్యంగనం కూడదని శాస్త్రమే చెప్పింది. ఈ నిషేధాన్ని కూడా గుర్తుంచుకోండి. ఈ కథలో దీని వంటిదే మరొకటి వస్తుంది.

మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు తమ డాక్టరును కలసి, ఏ మాత్ర ఎన్ని గంటల వ్యవధిలో వేసుకొనవలెనో కాగితం మీద వ్రాయించుకొనవలెను. హైదరాబాదులో మధ్యాహ్నం పన్నెండు గంటలైతే, ఎండాకాలంలో డల్లాస్‌లో రాత్రి ఒకటిన్నర. కనుక 'ఉదయం మాత్ర, రాత్రి మాత్ర' అన్న లెక్క దారిలో పనిచేయదు. గర్భిణులు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, కాన్సర్‌కు చికిత్స పొందుతున్నవారు, హార్మోను మాత్రలు వాడేవారు, ఇంతకుముందు కాలి సిరలలో రక్తం గడ్డకట్టినవారు, స్థూలకాయులు, కాళ్ల మీద సిరలు ఉబ్బి మెలికలు తిరిగినవారు ప్రయాణానికి ముందు ఈ విషయమై ప్రత్యేకంగా అడగవలెను. మోకాలి దిగువ వరకు ఉండే, బిగుతైన ప్రత్యేక మేజోళ్లను డాక్టరు కొందరికి సూచిస్తారు. అవి సరైన కొలతవి కావలెను. బజారులో దొరికిన ఏదో ఒక జత కొనుక్కొని తొడగరాదు.

సంచిలో ఏమి ఉండవలెను?

రోజూ వాడే మందులు, ఇన్సులిన్, డాక్టరు చీటీ ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండవలెను. ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో పెడితే సామాను ఉంచే చోట గడ్డకట్టి చెడిపోవచ్చు. పెట్టె ఆలస్యంగా రావడం కూడా వింత కాదు.

చేతిసంచికి మన వంటింటి నుండి నేను సిఫారసు చేసేవి ఇవి: ఒక చిన్న పొట్లంలో శొంఠి ముక్కలు, కాస్త సోంపు, నాలుగు లవంగాలు, వేయించిన జీలకర్ర, వాము. వికారానికి చిన్న శొంఠిముక్క చప్పరించవలెను. రక్తం పలచబడే మందులు వాడేవారు శొంఠిని మందుగా తరచు పుచ్చుకొనే ముందు డాక్టరును అడగవలెను. ఉబ్బరానికి చిటికెడు వాము నమిలి గోరువెచ్చని నీరు తాగవలెను. విమానం దిగే సమయంలో చెవులు బిగిస్తే సోంపు నములుతూ గుటకలు వేయవలెను. ముక్కు లోపల ఎండిపోకుండా చిటికెనవేలితో నువ్వులనూనె తడి మాత్రం అద్దవలెను. చుక్కలు చుక్కలుగా పోసి పీల్చరాదు. నూనె ఊపిరితిత్తులలోకి చేరితే అపాయం.

పొడుల విషయంలో 2018 జూన్ నుండి ఒక నిబంధన ఉన్నది. బయటిదేశాల నుండి నేరుగా అమెరికాకు వెళ్లే విమానాలలో 350 మిల్లీలీటర్ల పరిమాణానికి మించిన పొడిని చేతిసంచిలో తీసుకొనిపోతే అదనపు తనిఖీ ఉంటుంది, తీసివేయనూవచ్చు. కనుక చూర్ణాలు, కారప్పొడులు పెద్ద పెట్టెలోనే, కంపెనీ చీటీ చెదరని ప్యాకెట్లలోనే ఉండవలెను. కరివేపాకు పచ్చిదైనా, ఎండుదైనా అమెరికాకు తీసుకొనిపోరాదు. నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగు దాని ద్వారా వ్యాపిస్తుందని నిషేధించారు. పచ్చి పండ్లు, కూరలు, మాంసం పచ్చళ్లు కూడా వద్దు. తెచ్చిన తినుబండారాలను దాచక అధికారులకు చెప్పవలెను.

మరొక ముఖ్యమైన హెచ్చరిక. నిద్రకు, కడుపు చల్లదనానికి మనం వాడే గసగసాలు దుబాయి మొదలైన అరబ్ ఎమిరేట్లలో నిషిద్ధ పదార్థం. ఆ మార్గంలో వెళ్లేవారి దగ్గర అవి దొరికితే కారాగారమే గతి కావచ్చు. మసాలా పొట్లంలో పొరపాటున కూడా ఉండకుండా చూచుకొనవలెను. కొన్ని నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలకు కూడా అక్కడ అనుమతి కావలెను.

నా వృత్తికి సంబంధించిన ఒక సత్యాన్ని కూడా చెప్పవలసి ఉన్నది. 2004లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, బోస్టన్ పరిసర దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించగా 14 లో సీసం, పాదరసం లేక ఆర్సెనిక్ కనిపించాయి. భస్మాలు, రసౌషధాలు వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాడదగినవి కావు. వాటిని పరదేశంలోని బంధువులకు కానుకగా మోయకండి.

విమానంలో

శాకాహారులు తమ భోజనాన్ని కనీసం ఒకరోజు ముందుగా విమాన సంస్థకు తెలియజేయవలెను. పెట్టిన ప్రతిదీ తినవలెనన్న నియమం లేదు. సగం కడుపు చాలు. వెంట తెచ్చిన పులిహోర, అటుకులు, పేలాలు మేలైనవే గాని దిగేలోపు ముగించవలెను. మద్యం వద్దు. కాఫీ, టీలు ఒకటి రెండుకు మించరాదు. గంటకొకసారి అర గ్లాసు నీరు తాగవలెను. గుండె, మూత్రపిండాల రోగులకు డాక్టరు చెప్పిన కొలతే కొలత.

గంటకొకసారి పాదాలను చక్రాకారంగా తిప్పి, మడమలు నేలకు ఆనించి వేళ్లు ఎత్తి, వేళ్లు ఆనించి మడమలు ఎత్తి, ఇరవై సార్లు చేయవలెను. గంటన్నర, రెండు గంటలకొకసారి లేచి నడవలో అటూఇటూ నడవవలెను. కాలి పిక్కల కండరాలు కదిలినప్పుడే కింది రక్తం పైకి నెట్టబడుతుంది. అవి నిద్రపోతే రక్తం మందగించి, లోతైన సిరలలో గడ్డకట్టే అవకాశం ఉన్నది. నాలుగు గంటలకు మించిన ప్రయాణంలో ఈ ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. ఆరోగ్యవంతులలో ఇది సుమారు ఆరువేల మందిలో ఒకరికి కలిగేది గనుక భయంతో ప్రయాణం మానుకొనవలసిన పని లేదు. కాని ఆ ఒక్కరు మన ఇంటివారు కావచ్చు.

మా వదినగారి కాలు

మా ఆరుగురికీ నేనే పొట్లాలు కట్టి ఇచ్చాను. ఎవరెప్పుడు ఏది నమలవలెనో చీటీలు కూడా వ్రాశాను. వదినగారికి అప్పుడు అరవై ఆరేళ్లు, కొంచెం భారీ శరీరం. ఇంగ్లీషు రాదన్న బెంగతో దారి చూపే సాయం కోసం చక్రాల కుర్చీ అడిగాము. చక్కగా నడవగలిగిన మనిషిని దోహాలో కూడా నడవనీయకుండా కుర్చీలోనే తిప్పామని తరువాత గ్రహించాను. రెండవ విమానంలో ఆమెకు కిటికీ పక్కన చోటు దొరికింది. 'మేఘాలు కనిపిస్తాయి, కూర్చోండి వదినా' అని నేనే అన్నాను. పక్కన ఇద్దరు అపరిచితులు. అన్నయ్య వెనుక వరుసలో. మధ్యలో నేను రెండుసార్లు లేచి అటు నడిచాను. ఆమె కళ్లు మూసుకొని కనిపించారు. మంచి నిద్ర పట్టిందని సంతోషించి వచ్చి కూర్చున్నాను.

గురువారం సాయంత్రం చేరాము. శనివారం సాయంత్రం, మరునాటి గృహప్రవేశానికి ఇల్లంతా మామిడాకుల బదులు ప్లాస్టిక్ తోరణాలు కడుతుండగా, వదినగారు మెట్టు మీద కూర్చొని ఎడమ పిక్క పిసుక్కొంటున్నారు. 'ప్రయాణం బడలిక మరిదిగారూ, నిన్నటి నుంచి పీకుతోంది' అన్నారు. ఏకాంగంలో నొప్పి, బిగువు. వాతమని నిశ్చయించి, మహానారాయణ తైలం తెచ్చి వెచ్చబెట్టమని నా భార్యతో చెప్పాను. గట్టిగా మర్దించి కాపడం పెట్టాలని కూడా అన్నాను.

గిన్నె పొయ్యి మీద ఉండగా నా మిత్రుడు అటు వచ్చాడు. 'నొప్పి ఒక కాలికా, రెంటికీనా?' అని అడిగాడు. ఒక కాలికే. 'ఆగరా, చేయి వేయకు' అని దర్జీ టేపు తెప్పించి రెండు పిక్కలు కొలిచాడు. ఎడమది మూడు సెంటీమీటర్లకు పైగా ఎక్కువ ఉన్నది. చర్మం ఎర్రబారి, తాకితే వెచ్చగా ఉన్నది. అరగంటలో ఆసుపత్రికి బయలుదేరాము. డాప్లర్ స్కానింగులో సిరలో రక్తపు గడ్డ స్పష్టంగా కనిపించింది. నేను అనుకొన్నట్లు గట్టిగా మర్దించి ఉంటే ఆ గడ్డ విడివడి ఊపిరితిత్తులకు చేరి ప్రాణాపాయం కలిగే అవకాశం ఉండేది. రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్రలు మొదలుపెట్టి, మూడు నెలలు వాడమని చెప్పి తెల్లవారుజామున ఇంటికి పంపారు. కోడలు పాలు పొంగిస్తుండగా వదినగారు కుర్చీలో కూర్చొని చూశారు. ఆ పాలు పొంగే దృశ్యం నాకు సరిగా కనిపించలేదు. చల్లారిన నూనె గిన్నె పొయ్యి పక్కనే ఉన్నది.

ఆ మధ్యాహ్నం అడిగాను: 'విమానంలో ఎన్నిసార్లు లేచారు వదినా?' ఆమె తల వంచుకొన్నారు. 'ఒక్కసారీ లేవలేదయ్యా. పక్కనాయన నిద్రపోతున్నాడు, లేపితే ఏమనుకొంటాడో అని... లేవాల్సి వస్తుందని నీళ్లు కూడా తాగలేదు.'

పదహారు గంటలు. వేగధారణం ఏడవ అధ్యాయంలోనే లేదు, నా ఎదుట కూర్చొని ఉన్నది. నేను పొట్లాలు కట్టాను గాని ఈ ఒక్క ప్రశ్న వేయలేదు. మన ఇళ్లలో పెద్దవారికి, ముఖ్యంగా స్త్రీలకు, మొహమాటం అన్నది ఒక సుగుణంగా నేర్పుతాము. విమానంలో అది వ్యాధికారణమవుతుంది.

బృందంగా వెళ్లేవారికి నా సూచనలు

ఒకటి: పెద్దవారికి నడవ పక్క సీటే తీసుకొనవలెను. మేఘాలు చూడడం పిల్లలకు వదలండి.

రెండు: ఇద్దరిద్దరిని జంటగా ఏర్పరచవలెను. 'నీళ్లు తాగారా, లేచారా, పాదాలు తిప్పారా?' అని ఒకరినొకరు అడగడం ఆ జంట బాధ్యత. కళ్లు మూసుకొన్నవారు నిద్రపోతున్నారని అనుకొనరాదు. నిద్ర మాత్ర వేసుకొని గంటల తరబడి కదలక పడుకొనడం అంతకంటె ప్రమాదం.

మూడు: చక్రాల కుర్చీ సాయం తీసుకొన్నా, విమానం మారేచోట నడవగలిగినవారిని పావుగంటైనా నడిపించవలెను.

నాలుగు: ప్రయాణం తరువాత నాలుగు వారాల వరకు ఒక్క కాలికే వాపు, నొప్పి, వేడి, ఎరుపు కనిపిస్తే నూనె, కాపడం, మర్దన, పట్టు ఏదీ వేయక వెంటనే డాక్టరుకు చూపవలెను. ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయరాదు. అమెరికాలో 911కు, మన దేశంలో 108కి ఫోను చేయవలెను.

ఐదు: ఇదివరకే ఉన్న వ్యాధులకు కూడా వర్తిస్తుందో లేదో చూచుకొని ప్రయాణ బీమా తీసుకొనవలెను.

చేరిన పిమ్మట

వేళ మారినందువల్ల కలిగే బడలికను జెట్‌లాగ్ అంటున్నారు. అలవాటును ఒక్కసారిగా కాక, పావువంతు చొప్పున మార్చుకొనవలెనని చరకుడు చెప్పిన క్రమం ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది. దిగిన నాటి నుండి భోజనం అక్కడి వేళకే చేయవలెను. పగటి వెలుతురులో ఆరుబయట నడవవలెను. పగలు అరగంటకు మించి నిద్రించరాదు. రాత్రి తేలికపాటి పెసరపప్పు కిచిడీ, పడేవారికి జాజికాయ చిటికెడు రంగరించిన గోరువెచ్చని పాలు, పాదాలకు కొద్దిగా నూనె. కాలు వాపు లేనప్పుడు మాత్రమే సుమా! వారం, పది రోజులలో శరీరం సర్దుకొంటుంది.

మేము నలుగురం ఆరు వారాలకు తిరిగి వచ్చాము. అన్నయ్య, వదినగారు చికిత్స ముగించుకొని, డాక్టరు అనుమతితో సెప్టెంబరులో వచ్చారు. ఇంటికి చేరగానే వదినగారు నాకు ఫోను చేశారు. 'మరిదిగారూ, ఈసారి నడవ పక్కనే కూర్చున్నాను. పది సార్లు లేచాను. కిటికీ దగ్గర ఒక పెద్దావిడ, మన వైపు మనిషే, ముడుచుకొని కూర్చుంది. అడిగితే ఏమీ వద్దమ్మా అంటుంది. చేయి పట్టుకొని లేపి నాతోపాటు నడిపించాను' అన్నారు.